షాహ్‌యాద్ నుండి ఆజాదీ వరకు: టెహ్రాన్ స్మారక తోరణం

తెలుగువారు నిత్యవ్యవహారంలో వాడుకునే 'కమాను' అనే మాట పారశీక భాష నుండి వచ్చింది. ఆ భాషలో దానికి విల్లు అని అర్థం. విల్లులా వంగిన ద్వారబంధం మన ఊళ్ళలో కమాను అయింది. తెలంగాణ పల్లెల్లో జ్ఞాపకాన్ని 'యాది' అంటారు. అది కూడా పారశీకపు 'యాద్' నుండి పుట్టినదే. ఈ రెండు మాటలు ఎరిగినవారికి, టెహ్రాన్ నగరపు పడమటి మొగదల 1971లో వెలసిన మహాతోరణం తొలి పేరును వేరే విడమరచి చెప్పనక్కరలేదు. షాహ్‌యాద్ అంటే రాజు యాది. పూర్తి పేరు షాహ్‌యాద్ ఆర్యమెహర్. ఆర్యుల వెలుగు అనే అర్థం గల 'ఆర్యమెహర్' అన్నది 1965లో ఇరాన్ పార్లమెంటు మొహమ్మద్ రజా షా పహ్లవీకి సమర్పించిన బిరుదు. తోరణం లేచి ఎనిమిదేళ్ళు నిండకముందే ఆ రాజు దేశం విడిచి వెళ్ళాడు. తోరణం మాత్రం నిలిచింది. దాని పేరు ఆజాదీ అయింది.

ప్రభుత్వాలు మారినప్పుడు వీధుల పేర్లు, కూడళ్ళ పేర్లు మారడం వింతేమీ కాదు. అయితే 1979 ఇరాన్ విప్లవంలో పహ్లవీ వంశపు చిహ్నాలన్నిటికీ కొత్త పేర్లతో బ్రతికే అదృష్టం దక్కలేదు. విగ్రహాలు కూలాయి, సమాధి నేలమట్టమైంది. ఆ వంశం కట్టించిన స్మారకాలన్నిటిలోకి పెద్దది, పేరులోనే రాజును పెట్టుకున్నది, ఈ తోరణమే. అటువంటిది ఎలా మిగిలింది? పేరు మార్పిడి ఒక్కటే దీనికి సమాధానం కాజాలదు. ఆ రాతికట్టడపు ఆకృతిలోనూ, 1978 డిసెంబరులో దాని పాదాల చెంత జరిగిన ఒక సంఘటనలోనూ ఆ సమాధానాన్ని వెదకవలసి ఉంటుంది.

టెహ్రాన్‌కు నగరద్వారాలు కొత్త కాదు. 19వ శతాబ్దంలో నాసిరుద్దీన్ షా ఖాజార్ నగర ప్రాకారాన్ని విస్తరించినప్పుడు రంగుటెంకులు తాపిన 12 ద్వారాలు కట్టించాడు. 1930 దశకంలో రజా షా పహ్లవీ నగరాన్ని ఆధునికం చేయదలచి, వెడల్పాటి రహదారుల కోసం ఆ ప్రాకారాన్ని, దానితోపాటు ఆ ద్వారాలను తీసివేయించాడు. తండ్రి పాత ద్వారాలను పడగొట్టిస్తే, కుమారుడు ఊరి వెలుపల కొత్త ద్వారం కట్టించాడు. దానికి గోడ లేదు, తలుపు లేదు. మెహ్రాబాద్ విమానాశ్రయంలో దిగి నగరంలోకి వచ్చే అతిథి కంటికి మొట్టమొదట కనబడాలన్నదే దాని ప్రయోజనం.

దాని నిర్మాణానికి నిమిత్తమైనది ఇరాన్ రాచరికపు 2500 ఏళ్ళ ఉత్సవం. 1971 అక్టోబరులో జరిగిన ఆ వేడుకలు ప్రపంచ పత్రికలకెక్కాయి. పసర్గాద్‌లో సైరస్ చక్రవర్తి సమాధి ఎదుట రాజు ప్రసంగించాడు. తఖ్తె జంషీద్ అని ఇరానీలు పిలిచే పెర్సిపోలిస్ శిథిలాల చెంత గుడారాల నగరం వెలసింది. దేశదేశాల రాజులకు, అధ్యక్షులకు పారిస్ నుండి వచ్చిన వంటవారు విందు చేశారు. ఆ ఉత్సవాల ముగింపు ఘట్టంగా అక్టోబరు 16న టెహ్రాన్‌లో షాహ్‌యాద్ ఆవిష్కరణ జరిగింది. ఉత్సవాలకు చిహ్నంగా ఎన్నుకున్నది సైరస్ మట్టి శాసనం. 1879లో బాబిలోన్ తవ్వకాల్లో దొరికి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం చేరిన ఆ స్తూపాకారపు శాసనాన్ని ఉత్సవాల నిమిత్తం కొద్దికాలానికి ఎరువు తెచ్చారు. తోరణం క్రింది నేలమాళిగలో ఏర్పరచిన మ్యూజియంలో దాని ప్రతికృతిని ఉంచారు.

ఈ ఉత్సవంలో ఇమిడి ఉన్న చరిత్ర దృక్పథం గమనింపదగినది. సైరస్ నుండి మొహమ్మద్ రజా వరకు సాగిన రాచరికమే ఇరాన్ చరిత్రకు వెన్నెముక అనీ, మధ్యలో వచ్చిన పదమూడు శతాబ్దాల ఇస్లామీయ జీవితం ఆ రాచబాటలో ఒక మజిలీ మాత్రమేననీ ఆ వేడుకలు చెప్పకనే చెప్పాయి. అయిదేళ్ళ తరువాత, 1976లో, ఆ మాటను బాహాటంగానే చెప్పారు. ఇరాన్‌లో అమలులో ఉన్న సౌరమాన హిజ్రీ శకాన్ని తొలగించి, షాహన్‌షాహీ శకాన్ని ప్రవేశపెట్టారు. 1355వ సంవత్సరం ఒక్క ఉత్తర్వుతో 2535 అయింది. లెక్క చూసిన వారికి ఇందులో ఒక విచిత్రం కనబడుతుంది. 1971లో 2500 ఏళ్ళు నిండాయని ఉత్సవం చేసినవారికి, అయిదేళ్ళ తరువాత 2505 రావాలి. కాని వచ్చినది 2535. కొత్త శకాన్ని సైరస్ పట్టాభిషేకం నుండి లెక్కించి, 2500వ సంవత్సరం సరిగ్గా 1941లో, అంటే మొహమ్మద్ రజా గద్దెనెక్కిన ఏట పడేటట్లు అమర్చారు. మిగిలిన 35 ఆయన ఏలుబడి ఏండ్లు. చరిత్రను ఒక వ్యక్తికి కొలతపెట్టి కుట్టిన వస్త్రంగా మార్చడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. ప్రవక్త హిజ్రత్‌ను కాలగణనకు మొదలుగా భావించే జనసామాన్యానికి ఇది ఎంత కష్టం తోపించిందో ఆ తరువాతి సంఘటనలే చెబుతాయి. 1978 ఆగస్టులో ప్రభుత్వం వెనుకంజవేసి పాత శకాన్ని తిరిగి నెలకొల్పింది. అప్పటికే ఆలస్యమైంది.

అయితే కట్టించినవాని ఉద్దేశం వేరు, కట్టినవాని ఊహ వేరు. తోరణపు నమూనా కోసం 1966లో పోటీ నిర్వహించారు. దానిలో గెలిచినవాడు హుసేన్ అమానత్. టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో అప్పుడే చదువు ముగించుకున్న 24 ఏళ్ళ యువకుడు. అంతకుముందు ఆయన పేరు చెప్పుకోదగిన కట్టడం ఏదీ లేదు. రాచరికపు స్మారకం అనగానే స్తంభమో, అశ్వారూఢుడైన విగ్రహమో తలపుకు వచ్చే కాలమది. అమానత్ మాత్రం ఇరాన్ వాస్తుకళ మొత్తాన్ని ఒక్క ద్వారంలో వంచి చూపడానికి పూనుకున్నాడు.

నాలుగు పాదాల మీద నిలిచిన ఆ తోరణం ఎత్తు సుమారు 45 మీటర్లు. ఎదుట నిలిచి చూసేవానికి ఒకదానిమీద ఒకటిగా రెండు కమానులు కనబడతాయి. క్రిందిది వెడల్పయినది, పరావలయాకారం గలది. ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన సాసానీయుల కమాను అది. పైది సన్నని కొన గలది, మసీదుల్లోనూ మదరసాల్లోనూ కనబడే ఇస్లామీయ యుగపు కమాను. ఈ రెంటి నడుమ ఖాళీ వదలలేదు. చతురస్రపు గోడల మీద గుండ్రని గుమ్మటాన్ని నిలపడానికి ఇరాన్ మేస్త్రీలు శతాబ్దాలుగా అల్లుతూ వచ్చిన బద్దీల వలవంటి అల్లికతో, క్రింది కమాను గీతలు పైకి ప్రాకి పై కమాను గీతల్లో కలిసిపోయేటట్లు కూర్చారు. రాజు కోరినది ఇస్లాం పూర్వపు వైభవానికి స్మారకం. శిల్పి ఇచ్చినది ఆ వైభవం ఇస్లాంలోకి ఒదిగిన తీరుకు రూపం. రాచరికపు పండితులు ఈ భేదాన్ని గుర్తించారో లేదో గాని, రాతికి అది తెలుసు.

క్రింది కమానుకు మూలం టైగ్రిస్ నదీతీరాన, బాగ్దాదుకు దక్షిణంగా ఉన్న తాఖె కిస్రా. మదాయిన్ అని అరబ్బులు పిలిచిన సాసానీయ రాజధానిలోని సభామండపమది. ఇటుకతో కట్టిన దాని కమాను వెడల్పు సుమారు 25 మీటర్లు. ఒక స్మారకానికి కాలక్రమాన అర్థాలు మారడం అనే విషయానికి ఈ కట్టడాన్ని మించిన ఉదాహరణ ఇస్లామీయ చరిత్రలో అరుదు. కనుక ఇక్కడ కొంత ఆగవలసి ఉంటుంది.

637లో ముస్లిం సేనలు మదాయిన్ ప్రవేశించినప్పుడు సేనాని హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ కిస్రా సభామండపంలోనే విజయ సందర్భపు నమాజు చేశాడనీ, దానిని ప్రార్థనాస్థలంగా వాడుకున్నాడనీ తబరీ వ్రాశాడు. ఆ మండపంలో మనుషులవీ గుర్రాలవీ గచ్చు బొమ్మలు ఉన్నాయనీ, వాటిని ఎవరూ కదలించక ఉన్నవి ఉన్నట్లే వదిలారనీ కూడా ఆయనే చెబుతాడు. గెలిచినవారు ఓడినవాని కమానును పడగొట్టలేదు. దాని క్రింద నిలిచి నమాజు చేశారు. ఆ ఒక్క పనితో కట్టడపు అర్థం మారిపోయింది.

మరి నూరేళ్ళు గడచిన తరువాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ 762లో బాగ్దాదు పునాదులు వేశాడు. కొత్త నగరానికి ఇటుక కావలసి వచ్చి, కిస్రా భవనాన్ని విప్పించి సామాను తరలించాలని ఆయనకు తోచింది. ఇరానీ మూలాలు గల ఖాలిద్ బిన్ బర్మక్‌ను సలహా అడిగాడు. వలదని ఖాలిద్ చెప్పాడు. ఇంతటి భవనం కట్టగలిగినవారిని జయించినది ఐహికబలం కాదని చూచినవాడెల్లా గ్రహిస్తాడు గనుక అది ఇస్లాం విజయానికే సాక్ష్యమనీ, పైగా హజ్రత్ అలీ నమాజు చేసిన చోటనీ అతని వాదన. ఖలీఫా అతనిలో ఇరానీ పక్షపాతం ఉన్నదని నిందించి కూల్చివేత మొదలుపెట్టించాడు. కొంత భాగం విప్పేసరికి, విప్పి మోయించే ఖర్చు కొత్త ఇటుక కాల్చే ఖర్చును మించిపోయింది. పని ఆపివేయాలనుకుని ఖాలిద్‌ను మళ్ళీ పిలిచాడు. ఈసారి ఖాలిద్, ఇక ఆపవద్దు, ఇతరులు కట్టినదానిని కూల్చడానికి కూడా చేతకాలేదని లోకం అంటుందన్నాడు. ఖలీఫా ఆ మాటా వినలేదు. ఆపివేశాడు. తబరీ చరిత్రలోని ఈ ఉదంతం చదివినప్పుడు నవ్వు వచ్చినా, కూల్చడమా నిలపడమా అన్న ప్రశ్న ఇంతకంటే సూటిగా ఎక్కడా వినబడదు.

12వ శతాబ్దంలో హజ్ యాత్ర నుండి తిరిగి వస్తూ ఆ శిథిలాన్ని చూసిన షిర్వాన్ కవి ఖాఖానీ దాని మీద ఒక ఖసీదా వ్రాశాడు. పారశీక సాహిత్యంలో అది సుప్రసిద్ధం. అతని కంటికి ఆ కమాను రాజుల అహంకారానికి పట్టిన అద్దం. ఈ విధంగా కిస్రా వైభవానికి కట్టినది మొదట విజయానికి సాక్ష్యమూ, ఆ పైన వైరాగ్యానికి పాఠమూ అయింది. ఇంత బరువు మోసిన కమానును తెచ్చి రాజు యాదిగా టెహ్రాన్ పొలిమేరలో నిలిపినప్పుడు, ఆ బరువు కూడా వెంట వచ్చింది. పాఠశాలలో ఖాఖానీని వల్లెవేసిన ఇరానీకి ఆ వంపు చూడగానే ఏమి గుర్తుకు వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

పై కమాను వంశవృక్షం ఇంత దూరం పోదు. తోరణం చుట్టూ సుమారు 50,000 చదరపు మీటర్ల మేర పరచుకున్న మైదానపు అల్లిక మాత్రం ఇస్ఫహాన్ నుండి వచ్చినదే. సఫవీ చక్రవర్తి షా అబ్బాస్ కాలంలో, 1603-1619 నడుమ కట్టిన షేఖ్ లుత్ఫుల్లా మసీదు గుమ్మటం లోపలి అలంకారాన్ని నేలమీదికి దించి, వృత్తాన్ని దీర్ఘవృత్తంగా సాగదీశారు. పచ్చికమళ్ళూ, నీటి కాలువలూ, నడకదారులూ ఆ అల్లిక గీతలను అనుసరించాయి. మీదినుండి చూచినవారికి ఆ మైదానమంతా ఒక మసీదు పైకప్పును తలక్రిందులు చేసి పరచినట్లుంటుంది.

నిర్మాణ విషయాలు క్లుప్తంగా చెప్పవచ్చు. పని 1969లో మొదలై రెండేళ్ళలో ముగిసింది. కట్టడపు లెక్కలు చూసినది లండన్‌కు చెందిన ఓవ్ ఆరప్ సంస్థ. పైపూతకు వాడినది ఇస్ఫహాన్ ప్రాంతపు తెల్లని పాలరాయి. ఆ ఒంపుల మీద రెండు రాళ్ళు ఒకే తీరుగా ఉండే వీలు లేనందున, సుమారు 8,000 రాళ్ళ ఆకారాలను కంప్యూటరు సాయంతో లెక్కించి చెక్కించారు. ఖర్చులో పెద్దభాగం 500 మంది ఇరానీ పారిశ్రామికవేత్తలు ఇచ్చినదే. దేశంలో చలామణి అయిన 200 రియాళ్ళ నోటు మీద ఒకవైపు రాజు ముఖమూ, రెండవవైపు ఈ తోరణమూ అచ్చయ్యాయి. ఆ నోటు సంగతి మళ్ళీ వస్తుంది.

తోరణం లేచిన ఏడే ఇరాక్‌లోని నజఫ్‌లో ప్రవాసంలో ఉన్న ఆయతుల్లా ఖుమైనీ ఆ ఉత్సవాలను తీవ్రంగా ఖండించి, రాచరికమే ఇస్లాంకు పొసగదని ప్రకటించాడు. అప్పట్లో ఆ మాటను నజఫ్ దాటి విన్నవారు కొద్దిమంది. ఏడేళ్ళు గడిచేసరికి పరిస్థితి తలక్రిందులైంది. 1978 సెప్టెంబరు 8న టెహ్రాన్ జాలే మైదానంలో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. నవంబరులో సైనిక ప్రభుత్వం ఏర్పడింది. డిసెంబరు 2న హిజ్రీ 1399 ముహర్రం నెల మొదలైంది.

ముహర్రం అంటే తెలుగుదేశంలో పీర్లపండుగ. ఇక్కడ అది ఊరి హిందువులు కూడా కలిసి పీర్లనెత్తే పండుగగా స్థిరపడిపోయింది. ఇరాన్‌లో దాని స్వరూపం వేరు. కర్బలాలో యజీదు సేనల చేతిలో ఇమామ్ హుసేన్ అమరుడైన పదవ దినం, ఆషూరా, అక్కడ అన్యాయపు రాజ్యం మీద సత్యం పలికిన సాక్ష్యంగా ఏటేటా తిరిగి బ్రతికే జ్ఞాపకం. రాజు తన యాది కోసం రాతిని ఆశ్రయించాడు. జనానికి తమ యాది కోసం రాయి అవసరం లేకపోయింది. అది పదమూడు శతాబ్దాలుగా వారి గొంతులోనే ఉంది. 1978 డిసెంబరులో ఈ రెండు జ్ఞాపకాలు ఒకే చోట ఎదురుపడ్డాయి.

సైనిక ప్రభుత్వం మొదట ఊరేగింపులను నిషేధించింది. తరువాత రక్తపాతానికి జంకి, నిర్ణీత మార్గంలో నడవడానికి ఒప్పుకున్నది. సేనలు రాజభవనాలున్న ఉత్తర దిక్కుకు తగ్గాయి. డిసెంబరు 10న, తాసూఆ నాడు, ఆయతుల్లా తాలిఖానీ, జాతీయ ఫ్రంటు నాయకుడు కరీం సంజాబీ ముందు నడువగా లక్షలాది జనం బయలుదేరారు. మరునాడు ఆషూరా. జనం ఇంకా పెరిగారు. ఎంతమంది అన్నదాని మీద లెక్కలు కలియవు. పది లక్షలు దాటారన్నవారు చాలామంది. రజా షా పేరు పెట్టుకున్న రాజవీధి గుండా, ఆ పైన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు పెట్టుకున్న వీధి గుండా, పడమటి దిక్కుగా నడిచి ఆ జనప్రవాహం షాహ్‌యాద్ మైదానం చేరింది. అక్కడ, రాజు యాది క్రింద, 17 అంశాల తీర్మానాన్ని చదివారు. ఖుమైనీ నాయకత్వాన్ని అంగీకరించడం, రాచరిక నియంతృత్వానికి స్వస్తి చెప్పడం అందులోని ముఖ్యాంశాలు.

మెట్లు, వేదికలు, ఎత్తయిన గద్దెలు గల స్మారకాల వద్ద జనం దూరంగా నిలిచి తలెత్తి చూస్తారు. షాహ్‌యాద్ అలా కట్టినది కాదు. అది ద్వారం గనుక దాని క్రిందికి పోవచ్చు, నీడన నిలువవచ్చు, అవతలికి నడవవచ్చు. నడుమ రాజు విగ్రహం లేదు. సమాధి లేదు. మైదానపు విశాలత రాచఉత్సవాల కవాతుల కోసం ఏర్పడినదే కావచ్చు. లక్షల మంది పట్టే చోటు టెహ్రాన్‌లో మరొకటి చూపడం కష్టం. రాజు అతిథుల కోసం పరచిన చాపమీద, పిలవని జనం వచ్చి కూర్చున్నారు. పేరు మార్చే ఉత్తర్వు ఆ తరువాతి సంగతి. స్మారకం చేతులు మారినది ఆ ఆషూరా నాడే.

1979 జనవరి 16న మొహమ్మద్ రజా షా దేశం విడిచాడు. రాజభవనం నుండి మెహ్రాబాద్‌కు ఆయన హెలికాప్టరులో వెళ్ళాడు. ఆ విధంగా చివరి ప్రయాణంలో తన పేర నిలిచిన ద్వారం గుండా వెళ్ళే పని పడలేదు. ఫిబ్రవరి 1న ఖుమైనీ పారిస్ నుండి అదే విమానాశ్రయంలో దిగాడు. ఆయన వాహనశ్రేణి తోరణం చుట్టూ కిక్కిరిసిన జనం మధ్యగా నగరంలోకి వచ్చి, బెహిష్తె జహ్రా శ్మశానవాటిక దారి పట్టింది. టెహ్రాన్‌లో అడుగుపెట్టే మహాతిథికి స్వాగతం పలకాలన్నది ఆ ద్వారపు తొలి ఉద్దేశం. అన్నిటికంటే పెద్ద స్వాగతం అది పలికినది దానిని కట్టించిన రాజును గద్దె దించినవానికి.

విప్లవం నెగ్గిన తరువాత షాహ్‌యాద్ ఆజాదీ అయింది. రజా షా వీధి ఇంఖిలాబ్ వీధి, ఐసెన్‌హోవర్ వీధి ఆజాదీ వీధి అయ్యాయి. 1974 ఆసియా క్రీడలు జరిగిన ఆర్యమెహర్ క్రీడాప్రాంగణం కూడా ఆజాదీ పేరునే పొందింది. ఇంఖిలాబ్ నుండి ఆజాదీకి, అంటే విప్లవం నుండి స్వేచ్ఛకు దారి అన్న భావం నగర పటంలోనే ఇమిడింది.

ఇతర చిహ్నాల గతి వేరు. టెహ్రాన్‌కు దక్షిణాన రై పట్టణంలో, షా అబ్దుల్ అజీం దర్గా పక్కన రజా షా సమాధి మందిరం ఉండేది. 1980లో సాదిఖ్ ఖల్ఖాలీ ఆధ్వర్యాన దానిని కూల్చారు. బలిష్ఠమైన ఆ కట్టడం గడ్డపారలకు లొంగక కొన్ని వారాలు పట్టింది. అబ్బాసీ ఖలీఫా అనుభవం పన్నెండు శతాబ్దాల తరువాత మళ్ళీ ఎదురైందన్నమాట. కాని ఖల్ఖాలీ మన్సూర్‌లా మధ్యలో ఆపలేదు. ఆ సమాధికి ఒక్కటే అర్థం ఉంది. అందులో ఒక్క రాజుకు తప్ప మరెవరికీ చోటు లేదు. కనుక రాజుతోపాటు అదీ పోయింది. తోరణానికి అర్థాలు అనేకం. వాటిలో ఒకటి ఊడిపోయినంత మాత్రాన అది కూలవలసిన పని లేదు.

ఇక 200 రియాళ్ళ నోటు. కొత్త నోట్లు అచ్చయ్యేవరకు పాతవే చలామణి కావాలి గనుక, ప్రభుత్వం వాటిమీద రాజు ముఖం కనబడకుండా అలంకారపు ముద్రలు అద్దించింది. అదే నోటును తిరగవేస్తే తోరణం చెక్కుచెదరక కనబడేది. విప్లవానంతరపు తొలి రోజుల ఆలోచనాసరళి అర్థం కావడానికి ఆ కాగితపు ముక్క రెండు వైపులూ చూస్తే చాలు.

ఇంత చెప్పిన తరువాత ఒక లోటును దాచిపెట్టడం చరిత్రకు న్యాయం కాదు. తోరణానికి ఆజాదీ అని పేరు వచ్చిన కాలంలోనే దానిని ఊహించిన మనిషికి ఆ ఊళ్ళో చోటు లేకపోయింది. హుసేన్ అమానత్ బహాయీ మతస్థుడు. విప్లవానంతరం ఇరాన్‌లో బహాయీల మీద తీవ్ర నిర్బంధం సాగింది. అమానత్ దేశం విడిచి కెనడాలో స్థిరపడ్డాడు. అక్కడినుండే హైఫాలోని బహాయీ ప్రపంచ కేంద్రం కట్టడాలకు రూపకల్పన చేశాడు. ఇస్లామీయ వాస్తువు మీద అంత మమకారంతో కొనదేరిన కమానును ఆకాశానికెత్తినవాడు ఒక ముస్లిమేతరుడు కావడం ఇస్లామీయ కళాచరిత్ర చదివినవారికి ఆశ్చర్యం గొలిపే విషయం కాదు. డమాస్కస్ జామె మసీదు గోడల మీది పచ్చల చిత్తరువుల నాటి నుండి ఆ కళలో పలు మతాల పనివారి చేయి ఉంది. ఆశ్చర్యం, విచారం కలిగించేది వేరొకటి. రాజు పేరును తుడిచిన చేయి, శిల్పి పేరును కూడా తుడిచింది. రాజు పేరు తుడవడానికి కారణం చెప్పవచ్చు. శిల్పి పేరు విషయంలో అటువంటి కారణమేదీ చూపడానికి లేదు.

తోరణం క్రింది మైదానం విప్లవానంతరం ఏటా బహ్మన్ 22న, అంటే ఫిబ్రవరి 11న జరిగే విజయోత్సవ సభలకు వేదిక అయింది. వ్యతిరేకించి చేరిన జనానికి చోటిచ్చినది, ప్రభుత్వం చేర్చిన జనానికి కూడా చోటిచ్చింది. అయితే పేరులోనే స్వేచ్ఛ ఉన్న స్థలం ఒక్క పక్షానికే కట్టుబడి ఉండటం కష్టం. 2009 జూన్ 15న, అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని అంగీకరించని లక్షలాది పౌరులు 1978 నాటి దారినే పట్టి ఇంఖిలాబ్ నుండి ఆజాదీకి నడిచారు. చాలామేరకు నిశ్శబ్దంగా సాగిన ఆ ఊరేగింపు చివర, మైదానం సమీపంలో కాల్పులు జరిగి పలువురు మరణించారు. ఆ నడకలో తండ్రుల వెంట కొడుకులు, కూతుళ్ళు ఉన్నారు. ఆ తండ్రులలో కొందరు ఇరవై ఏళ్ళ వయసులో ఆషూరా నాడు అదే వీధిలో నడిచినవారు కావడంలో విడ్డూరం లేదు.

ఆ మరుసటి ఏడు, 2010 సెప్టెంబరులో, బ్రిటిష్ మ్యూజియం సైరస్ శాసనాన్ని మళ్ళీ టెహ్రాన్‌కు ఎరువిచ్చింది. ఈసారి దానిని ఇరాన్ జాతీయ మ్యూజియంలో ప్రదర్శించారు. ప్రారంభోత్సవంలో అధ్యక్షుడు అహ్మదీనెజాద్, సైరస్ వేషం ధరించి వచ్చిన నటుని మెడలో, విప్లవ స్వచ్ఛంద దళాలవారు వేసుకునే గళ్ళ తుండుగుడ్డ వేశాడు. చూడవచ్చిన జనం తాకిడికి ప్రదర్శన గడువును 2011 ఏప్రిల్ వరకు పొడిగించవలసి వచ్చింది. 1971లో ఆ మట్టిముద్దను రాజు తన వంశానికి సాక్ష్యంగా తెప్పించాడు. 2010లో వరుసలు కట్టి నిలిచినవారిలో చాలామంది ఆ రాజు దేశం విడిచిన తరువాత పుట్టినవారు.